మంట పరుగు

దీపావళి నాడు కాకరపువ్వొత్తి వెలిగించి గిరగిరా తిప్పని పిల్లలు ఉండరు. తిప్పితే గాలిలో నిప్పుచక్రం కనిపిస్తుంది. నిజానికి అక్కడ చక్రమేమీ లేదు. ఒత్తి చివర మండే చుక్క ఒక్కటే ఉన్నది. అది ఒక చోటి నుంచి వెళ్ళిపోయాక కూడా మన కంటికి కొంచెంసేపు అక్కడే ఉన్నట్టు తోస్తుంది. ఆ కొంచెంసేపు ఎంతో కాదు, సెకండులో సుమారు పదోవంతు. అంతలో ఒత్తి ఒక చుట్టు తిరిగి వచ్చిందంటే మనకు పూర్తి చక్రం కనిపిస్తుంది. మన పూర్వులు ఈ సంగతి ఏనాడో గమనించి, దీనికి అలాతచక్రమని పేరు పెట్టారు. అలాతమంటే కొరివి.

అంటే, నిప్పు విషయంలో మన కన్ను మనకు అబద్ధం చెబుతుందన్నమాట! చక్రం సంగతి అలా ఉంచి, టపాకాయ పేలటం జ్ఞాపకం చేసుకోండి. నిప్పు ఎక్కడ పుట్టింది? ఎటు పాకింది? ఎంత వేగంగా పాకింది? మనకు ఏమీ తెలియదు. ఒక వెలుగు, ఒక చప్పుడు, అంతే. మనం చెవులు మూసుకునేలోపలే అంతా అయిపోతుంది.

“తెలియకపోతే ఏం నష్టం?” అని మీరు అడగవచ్చు. టపాకాయ విషయంలో ఏ నష్టమూ లేదు. కాని భూమిలోపల, బొగ్గు గనిలో, వందల మంది పనిచేసే చోట నిప్పు అలాగే పరిగెత్తితే?

బొగ్గు పొరలలో మీథేన్ అనే వాయువు చిక్కుకుని ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బొగ్గు తవ్వుతుంటే అది బయటికి వచ్చి గాలిలో కలుస్తుంది. నూటికి 5 పాళ్ళ నుంచి 15 పాళ్ళ దాకా కలిసిందంటే, ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంగ్లండులో ఫెల్లింగ్ అనే చోట 1812 మే 25న ఒక గని ఇలాగే పేలి 92 మంది చనిపోయారు. వారిలో మీ వయసు పిల్లలు కూడా ఉన్నారు. ఆ కాలంలో పిల్లలను గనులలో పనికి పెట్టుకునేవారు. ఆ తరవాత మూడేళ్ళకు హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు, దీపం చుట్టూ సన్నని తీగల వల కట్టి, లోపలి మంట బయటికి పాకకుండా చేశాడు. ఆ దీపం ఎంతోమందిని కాపాడింది. కాని పేలుళ్ళు ఆగలేదు. పేలుడు ఎలా పుట్టి ఎలా పెరుగుతుందో ఎవరూ చూడలేదు. చూడగల దూరంలో ఉన్నవాడు చెప్పటానికి మిగలడు గదా!

అందుచేత మనిషి కన్ను చెయ్యలేని పని కెమేరా చెయ్యవలసి వచ్చింది.

వేగంగా కదిలే వస్తువును ఫోటోలో ఆపిన మొదటి ప్రయోగాలలో ఒకటి 1851లో లండనులో, రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థలో జరిగింది. టాల్బట్ అనే ఆయన ఒక వార్తాపత్రిక కాగితాన్ని చక్రానికి అంటించి, చీకటి గదిలో చక్రాన్ని అతి వేగంగా తిప్పాడు. కెమేరా మూత తీసి ఉంచాడు. చీకట్లో ఏ బొమ్మా పడదు గదా! అప్పుడు పెద్ద విద్యుత్ రవ్వ ఒకటి పుట్టించాడు. ఆ రవ్వ వెలిగి ఆరినంత సేపట్లో చక్రం కదిలిన దూరం లెక్కలోకి రానంత తక్కువ. ఫోటో కడిగి చూస్తే పత్రికలోని అక్షరాలు చదవటానికి వీలుగా ఉన్నాయి!

చాలా బాగుంది. మరి మంటను కూడా ఇలాగే ఆపవచ్చునా? ఆపటానికి వీలులేదు. ఎందుకో మీరు ఆలోచించి చూడండి. కాగితం తనంతట తాను వెలగదు. మనం వెలుతురు వేస్తేనే కనిపిస్తుంది. మంట అలా కాదు, దాని దీపం అదే. మన రవ్వ రాకముందూ, వచ్చి పోయాక కూడా అది వెలుగుతూనే ఉంటుంది. ఇక్కడ వెలుతురును కత్తిరించి లాభం లేదు, చూపునే కత్తిరించాలి. లేదా మరొక ఉపాయం వెతకాలి.

ఆ ఉపాయం ఫ్రాన్సు దేశంలో దొరికింది. గనుల పేలుళ్ళను ఎలా ఆపాలో విచారించటానికి అక్కడి ప్రభుత్వం 1877లో ఒక సంఘాన్ని వేసింది. అందులో పనిచేసిన మలార్, లె షాతెల్యే అనే ఇద్దరు గని ఇంజనీర్లు మంటను ఆపే ప్రయత్నం మానేసి, ఫోటో కాగితాన్నే పరిగెత్తించారు. (ఈ లె షాతెల్యే పేరు మీ అన్నయ్యలూ అక్కయ్యలూ పెద్ద తరగతి రసాయనశాస్త్రంలో చదివే ఉంటారు. ఆయనే ఈయన.)

వారి ఉపాయం ఏమిటో తెలియాలంటే మీరొక చిన్న పని చెయ్యండి. బల్ల మీద పొడుగాటి కాగితం పరిచి, దాని కొస మీ తమ్ముడి చేతికి ఇవ్వండి. మీరు పెన్సిలుతో ఎడమ నుంచి కుడికి అడ్డంగా తిన్నని గీత గీస్తూ ఉండండి. అదే సమయంలో తమ్ముడు కాగితాన్ని తనవైపు ఒకే వేగంతో లాగాలి. ఏమయింది? మీరు అడ్డంగానే గీశారు, కాని కాగితం మీద గీత ఏటవాలుగా పడింది. మీరు పెన్సిలును నెమ్మదిగా జరిపితే గీత బాగా నిలువుగా ఉంటుంది. చటుక్కున జరిపితే దాదాపు అడ్డంగానే ఉంటుంది. మధ్యలో చెయ్యి వణికితే గీత వంకరలు పోతుంది. కాగితం ఎంత వేగంగా పోయిందో తెలిస్తే చాలు, గీత వాలును చూసి పెన్సిలు వేగం చెప్పెయ్యవచ్చు.

మలార్, లె షాతెల్యే చేసినది ఇదే. పెన్సిలుకు బదులు మంట. అడ్డంగా పెట్టిన గాజుగొట్టంలో మండే వాయువును నింపి ఒక చివర అంటించారు. మంట గొట్టంలో అవతలి చివరకు పరిగెత్తింది. ఆ మంట బొమ్మ ఒక లెన్సు ద్వారా గుండ్రంగా తిరిగే డ్రమ్ము మీద, దానికి చుట్టిన ఫోటో కాగితం మీద పడింది. మంట అడ్డంగా పోతుంటే కాగితం నిలువుగా పోతున్నది. ఫోటో కడిగితే ఒక ఏటవాలు గీత!

చెప్పినంత సులువుగా ఏమీ జరగలేదు. వాయువుల మంట చాలావరకు పాలిపోయిన నీలంరంగులో ఉంటుంది. ఆ రోజుల ఫోటో కాగితానికి ఆ వెలుతురు చాలేది కాదు. అందుకని వారు కార్బన్ డైసల్ఫైడు ఆవిరి కలిసిన మిశ్రమాలను కాల్చారు. ఆ మంట ఫోటో కాగితం మీద బాగా ముద్ర వేస్తుంది. 1883లో వారు తమ ప్రయోగాలను అచ్చువేశారు.

ఆ గీతలు చూపిన సంగతులు ఎవరూ ఊహించనివి. మంట మొదట నింపాదిగా బయలుదేరుతుంది. గొట్టంలో మీథేన్ కలిసిన గాలి మండుతున్నప్పుడు దాని వేగం సెకండుకు ఒక మీటరు లోపే. మీరు దాని పక్కన నడిచి దాన్ని దాటిపోవచ్చు! కాస్త దూరం పోయాక గీత వంకరలు తిరుగుతుంది. అంటే మంట ముందుకూ వెనక్కూ ఊగుతున్నదన్నమాట. కొన్ని మిశ్రమాలలో ఉన్నట్టుండి గీత దాదాపు అడ్డంగా పడిపోతుంది. ఇక అది మామూలు మంట కాదు, పేలుడు అల. హైడ్రోజనూ ఆక్సిజనూ కలిపిన వాయువులో ఆ అల సెకండుకు 2 కిలోమీటర్ల కన్నా ఎక్కువ దూరం పోతుంది. గాలిలో శబ్దం పోయేది సెకండుకు 340 మీటర్లే. నడిచే మనిషిని దాటలేని మంటే కన్నుమూసి తెరిచేలోపల శబ్దాన్ని కూడా ఎన్నో రెట్లు మించిపోగలదు. కన్ను ఈ రెంటినీ ఒకే “భగ్గు”గా చూస్తుంది.

ఇంత గొప్ప పని చేసినవారు కూడా ఒక చోట పొరబడ్డారు. బొగ్గుపొడి ఒక్కటే, వాయువు లేకుండా, పెద్ద పేలుడుకు కారణం కాదని ఆనాడు ఫ్రాన్సులో వారూ వారి సహచరులూ అభిప్రాయపడ్డారు. 1906 మార్చి 10న కూరియేర్ అనే చోట, మీథేన్ భయం లేదని పేరుబడిన గనులలో, బొగ్గుపొడి అంటుకున్నది. 1,099 మంది చనిపోయారు. ఐరోపాలో అంతటి గని ప్రమాదం మరొకటి జరగలేదు.

మరుసటి సంవత్సరం ఫ్రాన్సులోనే లియెవాన్ అనే ఊళ్ళో, గనిని పోలిన పొడుగాటి సొరంగం కట్టి, అందులో కావాలని బొగ్గుపొడిని పేల్చి చూడటం మొదలుపెట్టారు. మంటకు ముందు గాలి అల ఒకటి పరిగెత్తుతుంది. అది దారిలో నేల మీదా గోడల మీదా ఉన్న బొగ్గుపొడిని పైకి లేపుతుంది. వెనకనే వచ్చే మంటకు వడ్డించిన విస్తరి సిద్ధంగా ఉంటుంది! మంట పెరిగితే గాలి ఇంకా బలంగా వీస్తుంది, ఇంకా పొడి లేస్తుంది. మరి, ఆ గాలి లేపే పొడిలో బొగ్గుకు బదులు రాతిపొడి ఉంటే? అది మండదు. పైగా మంటలోని వేడిని తాగేస్తుంది. అందుకే బొగ్గు గనులలో దారుల పొడుగునా సున్నపురాతి పొడి చల్లుతారు. మన దేశంలోనూ ఈ పద్ధతి ఉన్నది. మీలో ఎవరి నాన్నగారో తాతగారో సింగరేణి భూగర్భ గనులలో పనిచేసి ఉంటే ఆ తెల్లపొడి సంగతి అడగండి. నల్లటి గనిలో తెల్లటి గోడలెందుకో ఆయన చెబుతారు.

గొట్టంలో పోయే మంటకు ఒక అందం కూడా ఉన్నది. 1928లో బ్రిటనులో ఎలిస్ అనే శాస్త్రజ్ఞుడు, మూసిన గొట్టంలో పరిగెత్తే మంట బొమ్మలు వరసగా పడేటట్టు ఫోటోలు తీశాడు. మంట మొదట వేలి కొసలాగా ముందుకు పొడుచుకు వస్తుంది. తరవాత బల్లపరుపు అవుతుంది. ఆ పైన నడుమ భాగం వెనక్కు నొక్కుకుపోయి, అంచులు ముందుకు సాగి, అరవిచ్చిన పువ్వులాగా తయారవుతుంది. తరవాతి శాస్త్రజ్ఞులు దానికి ట్యూలిప్ పువ్వు పేరు పెట్టారు. మంట ఎందుకు వెనక్కు నొక్కుకుపోతుందనే దాని మీద వాదాలు నేటికీ పూర్తిగా తెగలేదు.

ఇంతవరకు చెప్పిన మంటలతో వచ్చిన చిక్కు వెలుతురు చాలకపోవటం. వెలుతురు మరీ ఎక్కువయితే?

1945 జులై 16న, తెల్లవారుజామున 5 గంటల 29 నిమిషాలకు, అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారిలో మొట్టమొదటి అణుబాంబును పేల్చి చూశారు. 30 మీటర్ల ఎత్తున్న ఉక్కు టవరు మీద బాంబును పెట్టారు. ఫోటోలు తీసే బాధ్యత బెర్లిన్ బ్రిక్స్‌నర్ అనే ఆయనది. 50కి పైగా కెమేరాలు అమర్చారు. వాటిలో కొన్ని సెకండుకు 10,000 బొమ్మలు తీయగలవి. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు మాత్రమే ఉంటాయి!

ఇంత సిద్ధం చేసినా, సరిగ్గా పనికివచ్చే బొమ్మలు ఇచ్చిన కెమేరాలు 11 మాత్రమేనట. వెలుతురు ఎంత ఉంటుందో ముందుగా ఎవరికి తెలుసు? సూర్యుణ్ణి మించిన ఆ వెలుగుకు ఫిల్ము తట్టుకోలేకపోయింది. బ్రిక్స్‌నర్ కెమేరా పక్కనే ఉన్నాడు గాని, ఆ వెలుగును చూసి నిశ్చేష్టుడై కెమేరాను అలాగే వదిలేశాడట. అగ్నిగోళం పైకి లేచి చూపులోంచి జారిపోతుండగా తెలివి తెచ్చుకుని, కెమేరాను పైకి తిప్పాడు.

దక్కిన ఫోటోలలో అగ్నిగోళం నేల మీద బోర్లించిన గిన్నెలాగా ఉన్నది. ఒక్కొక్క బొమ్మ పేలిన తరవాత ఎంతసేపటికి తీసినదో కింద రాసి ఉన్నది. పక్కనే 100 మీటర్ల కొలబద్ద గీత కూడా ఉన్నది. 1947లో అవి బయటికి వచ్చాయి. కేంబ్రిడ్జిలో జి. ఐ. టేలర్ అనే గణితశాస్త్రవేత్త ఆ బొమ్మలను ముందు పెట్టుకుని లెక్క వేశాడు.

ఆయన లెక్క మనం కూడా కొంచెం చూడవచ్చు. సెకండును వెయ్యి ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను మిల్లీసెకండు అనుకోండి. 0.8 మిల్లీసెకండు దగ్గర అగ్నిగోళం వ్యాసార్ధం 34 మీటర్లు. 25 మిల్లీసెకండ్ల దగ్గర 130 మీటర్లు. కాలం సుమారు 32 రెట్లు పెరిగింది, వ్యాసార్ధం సుమారు 4 రెట్లు పెరిగింది. ఇప్పుడు 4ను అయిదుసార్లు వేసి హెచ్చవేయండి: 4 × 4 × 4 × 4 × 4. జవాబు 1,024. 32ను రెండుసార్లు వేసి హెచ్చవేయండి: 32 × 32. మళ్ళీ 1,024! ఇది కాకతాళీయం కాదు. ఇంత బలమైన పేలుడు ఈ దామాషాలోనే పెరగాలని టేలర్ 1941లోనే, బాంబు తయారు కాకముందే, కాగితం మీద తేల్చాడు. ఫోటోలు వచ్చి అవునన్నాయి.

పెద్ద తరగతుల పిల్లలు ఇంకొక అడుగు వెయ్యవచ్చు. వ్యాసార్ధం 130ని అయిదుసార్లు వేసి హెచ్చిస్తే సుమారు 3,700 కోట్లు వస్తుంది. దాన్ని కాలంతో, అంటే 0.025 సెకండుతో, రెండుసార్లు భాగించండి. గాలి సాంద్రత 1.2తో హెచ్చించండి. సుమారు 71 లక్షల కోట్ల జౌళ్ళ శక్తి వస్తుంది. ఒక టన్ను టి.ఎన్.టి. మందుగుండు పేలితే 418 కోట్ల జౌళ్ళు. భాగిస్తే 17,000 టన్నులు! టేలర్ ఇంతకన్నా జాగ్రత్తగా లెక్కకట్టి 1950లో 16,800 టన్నులని అచ్చువేశాడు. 2021లో, ఆ ఎడారిలో మిగిలిన పదార్థాలను కొత్తగా పరీక్షించి, 24,800 టన్నులని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ఒక్క ఫోటోనూ ఒక కొలబద్దనూ పట్టుకుని చేసిన లెక్క అంత దగ్గరికి రావటం చిన్న విషయం కాదు.

కాని ఆ 130 మీటర్లను మరొక విధంగా కూడా చూడాలి. 25 మిల్లీసెకండ్లంటే కంటిరెప్ప సగం కూడా పడని కాలం. ఆ ఎడారిలో ఇళ్ళు లేవు. మూడు వారాల తరవాత, ఆగస్టు 6న, హిరోషిమా నగరం మీద మరొక అణుబాంబు వేశారు. అక్కడ ఇళ్ళున్నాయి, బళ్ళున్నాయి. ఆ సంవత్సరం ఆఖరుకు చనిపోయినవారు సుమారు 1,40,000 మందని అంచనా. అగ్నిగోళపు ఫోటోలు చూస్తే ముచ్చటగా ఉంటాయి, ముత్యపుచిప్పలాగా నునుపుగా ఉంటాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు ఈ సంఖ్య కూడా జ్ఞాపకం వస్తుంది.

ఆ తరవాత కూడా అమెరికావారు ఎడారులలో, దీవులలో పరీక్షలు కొనసాగించారు. పేలుడు పుట్టిన తొలి క్షణం కావాలంటే సెకండుకు 10,000 బొమ్మలు కూడా చాలవు. కెమేరా మూత తెరిచి మూసేలోపలే అంతా అయిపోతుంది. హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఇంజనీరు అసలు కదిలే మూతే లేని కెమేరాను తయారుచేశాడు. పాలచుక్క పడినప్పుడు లేచే కిరీటాన్ని ఫోటో తీసి పేరుపొందిన ఆయనే ఈయన. ఆయన పద్ధతి వినండి. కొన్ని రకాల పలకలు, ఒకే దిక్కున ఊగే వెలుతురును మాత్రమే పోనిస్తాయి. అలాంటి పలకలు రెంటిని ఒకదానికొకటి అడ్డంగా పెడితే, మొదటిదాన్ని దాటిన వెలుతురు రెండోదాని దగ్గర ఆగిపోతుంది. వాటి నడుమ గాజుముక్క పెట్టి, దాని చుట్టూ తీగచుట్ట చుట్టి, బలమైన విద్యుత్తు పంపితే, ఆ అయస్కాంతశక్తికి గాజులో వెలుతురు ఊగే దిక్కు తిరుగుతుంది. అప్పుడు రెండో పలక కూడా దారి ఇస్తుంది. విద్యుత్తు ఆగగానే తలుపు మూతపడుతుంది. సెకండును పది లక్షల ముక్కలు చేస్తే, అందులో కొద్ది ముక్కలంత సేపే ఆ తలుపు తెరుచుకుంటుంది! ఒక కెమేరా ఒకే బొమ్మ తీస్తుంది గనక, అనేక కెమేరాలను వరసగా పెట్టి ఒకదాని వెనక ఒకటి పేల్చేవారు. అవును, ఫోటోగ్రాఫరు కూడా “పేల్చటం” అనే అంటాడు!

1952లో నెవాడాలో తీసిన అటువంటి ఫోటో ఒకటి చాలా ప్రసిద్ధమైనది. పేలి ఒక మిల్లీసెకండు కూడా కాలేదు. గోళం సుమారు 20 మీటర్ల వెడల్పున ఉన్నది. దాని అడుగు నుంచి నేల వైపుకు కోరల్లాంటి మూడు నాలుగు ముళ్ళు దిగుతున్నాయి! అవేమిటో మొదట తెలియలేదు. జాన్ మాలిక్ అనే శాస్త్రజ్ఞుడు, టవరును నిలబెట్టటానికి నేలకు లాగి కట్టిన ఉక్కుతాళ్ళను అనుమానించాడు. గోళం నుంచి వచ్చే వెలుతురు గోళం కన్నా ముందుగా తాళ్ళను చేరి, వాటిని ఆవిరి చేస్తున్నదేమో! అనుమానం నిజమో కాదో తేలేదెలా? తాళ్ళకు నల్లరంగు వేసి చూశారు. ముళ్ళు పెద్దవయాయి. వెలుతురును తిప్పికొట్టే పూత పూసి చూశారు. ముళ్ళు రాలేదు. ఎండలో నల్లచొక్కా వేసుకుంటే వేడి, తెల్లచొక్కా అయితే హాయి అని మీకు తెలిసినదే. బాంబు ముందు కూడా అదే సూత్రం!

1963లో అమెరికా, బ్రిటను, సోవియట్ యూనియనూ కలిసి, ఆకాశంలోనూ నీటిలోనూ అణుపరీక్షలు చెయ్యకూడదని ఒప్పందం చేసుకున్నాయి. ఫిల్ములు పెట్టెలలో పడి ఉన్నాయి. పాత ఫిల్ము చెడిపోయేటప్పుడు పులిసిన వాసన వేస్తుంది. అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో గ్రెగ్ స్ప్రిగ్స్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు, అవి పూర్తిగా నాశనమయేలోపల వేలకొద్దీ ఫిల్ములను వెతికించి, కంప్యూటరులోకి ఎక్కించాడు. కొన్నిటిని 2017లో అందరూ చూడటానికి విడుదల చేశారు. పూర్వం గుమాస్తాలు కంటితో చూసి కొలిచిన కొలతలలో కొన్ని నూటికి 20, 30 పాళ్ళు తప్పని కూడా తేలింది. ఈ ఫిల్ములను చూసి జనం ఆ ఆయుధాల శక్తిని తెలుసుకుంటే, వాటిని వాడటానికి ఎవరూ ముందుకు రారని ఆయన ఆశ.

అంత నిప్పు మనకు వద్దు. మనకు ఒక కొవ్వొత్తి చాలు. మంట పరుగును కొలవటానికి ఇప్పుడు గాజుగొట్టాలూ తిరిగే డ్రమ్ములూ కూడా అక్కరలేదు. ఈ రోజుల్లో చాలా ఫోన్లు సెకండుకు 240 బొమ్మలు తీయగలవు. ఫోనులో దాన్ని స్లో మోషన్ అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళను ఒకరిని పక్కన ఉండమనండి. వాళ్ళు లేకుండా ఈ ప్రయోగం చెయ్యకూడదు. ఫాను ఆపండి. జడలూ ఓణీలూ మంటకు దూరంగా ఉండాలి. దగ్గర ఒక చెంబుతో నీళ్ళు పెట్టుకోండి.

కొవ్వొత్తిని అయిదు నిమిషాలు మండనివ్వండి. దాని వెనక నిలువుగా ఒక స్కేలు నిలబెట్టండి, మంటకు తగలకుండా. ఫోనును ఎదురుగా కదలకుండా పెట్టి, స్లో మోషన్‌లో తీయటం మొదలుపెట్టండి. ఇప్పుడు కొవ్వొత్తిని నెమ్మదిగా ఊది ఆర్పండి. ఒత్తి నుంచి తెల్లని పొగ దారంలాగా లేస్తుంది. అది మామూలు పొగ కాదు. మైనపు ఆవిరి చల్లబడి తెల్లగా కనిపిస్తున్నది. పెద్దవాళ్ళు వెలిగించిన అగ్గిపుల్లను, ఒత్తికి తాకించకుండా, నాలుగయిదు సెంటీమీటర్ల పైన ఆ పొగకు తాకించాలి. మంట ఆ దారం వెంట కిందికి దూకి కొవ్వొత్తి మళ్ళీ వెలుగుతుంది! మొదటిసారి రాకపోతే నిరుత్సాహపడకండి. పొగ చెదరకుండా ఆర్పటంలోనే కిటుకంతా ఉన్నది. టాల్బట్ చక్రం తిప్పిన ఆ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనే మైకేల్ ఫారడే క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకు కొవ్వొత్తి మీద ఉపన్యాసాలు ఇస్తూ ఈ తమాషా చేసి చూపాడు. కాని దాని వేగం కొలవటానికి ఆయన దగ్గర మీ ఫోను లేదు.

తరవాత ఫోనులో బొమ్మలను ఒక్కొక్కటే ముందుకు జరుపుతూ లెక్కపెట్టండి. మంట 5 సెంటీమీటర్లు దిగటానికి 12 బొమ్మలు పట్టాయనుకుందాం. 240లో 12 అంటే సెకండులో ఇరవయ్యోవంతు. ఇరవయ్యోవంతులో 5 సెంటీమీటర్లయితే, సెకండుకు 100 సెంటీమీటర్లు. మీకు 12 రాకపోవచ్చు, నేను ఊరికే లెక్క కోసం చెప్పాను. మీ ఇంటి కొవ్వొత్తికి ఎన్ని బొమ్మలు వచ్చాయో నోటు పుస్తకంలో రాసుకోండి. మర్నాడు, ఆర్పిన తరవాత ఒకటి రెండు సెకండ్లు ఎక్కువ ఆగి మళ్ళీ చేసి చూడండి. ఆ రెండు సంఖ్యలూ ఒకటేనా, కాదా?